అగ్రతాంబూలము

రాజసూయము ముగియవచ్చిన సమయమున ధర్మరాజునకు చిన్నదిగా కనబడు పెద్ద చిక్కు వచ్చినది. సభ నిండ పూజ్యులే. తొలి అర్ఘ్యము ఎవరికీయవలెను? భీష్ముడు కృష్ణుని పేరు చెప్పెను, సహదేవుడు అర్ఘ్యమిచ్చెను, శిశుపాలుడు లేచి నిలిచెను. అతడాడిన దుర్భాషలను, అతనికి పట్టిన గతిని అందరును జ్ఞాపకముంచుకొందురు గాని, అతడు వేసిన ప్రశ్నలను తలచువారు తక్కువ. వయస్సే ప్రమాణమైనచో తండ్రియగు వసుదేవుడుండగా కొడుకునకేల? ఆచార్యత్వమే ప్రమాణమైనచో ద్రోణుడు లేడా? విద్యయే ప్రమాణమైనచో వ్యాసుడు సభలోనే ఉన్నాడు గదా? అడిగినవాని మనస్సు చెడ్డదే కావచ్చును. ప్రశ్న మాత్రము చెడ్డది కాదు. గౌరవమునకు కొలబద్ద ఏది అని అతడడిగెను. నన్నయ నాటినుండి ఆ కథను వినుచున్న తెలుగువారు దానిని సభాపర్వమునందే విడిచిపెట్టలేదు. పెండ్లి పందిరిలో, ఊరిజాతరలో, సాహిత్యసభలో, ఎక్కడ నలుగురు పెద్దలు కూడినను 'అగ్రతాంబూలమెవరికి?' అను మాట పుట్టుచునే యున్నది.

సంగీతోత్సవములలో ఈ ప్రశ్నకున్న పదును మరియెక్కడను లేదు. కవి గొప్పదనమును గూర్చి నూరేండ్లు వాదించుకొనవచ్చును, తొందరలేదు. పాటకచేరీకి కాలము మితమైనది, వేదిక ఒక్కటే. సాయంకాలపు మంచివేళ ఒకరికిచ్చినచో మరియొకరికి మిట్టమధ్యాహ్నము దక్కును. ఆ కాలపట్టికయే తీర్పు. పాశ్చాత్యదేశముల రాక్ సంగీతోత్సవములలో ఈ తీర్పు గోడపత్రికల మీదనే అచ్చుపడును. ఎవరి పేరు అన్నింటికంటె పైన, అన్నింటికంటె పెద్ద అక్షరములలో ఉన్నదో ఆ బృందమే ఆ రాత్రికి ప్రభువు. చిట్టచివర పాడువాడు వాడే. మనకు గౌరవము మొదట, వారికి చివర. కాని అభిమానుల కలహమునకు మొదలు చివర అను భేదము లేదు.

దక్షిణదేశమున ఈ కలహము దీర్ఘకాలము సాగిన స్థలము తంజావూరికి చేరువ, కావేరి ఒడ్డునగల తిరువయ్యారు. ఆ కలహమంతయు ఒక తెలుగు వాగ్గేయకారుని సమాధి చుట్టును జరిగినది.

త్యాగరాజు 1767లో తిరువారూరున జన్మించి, జీవితమంతయు తిరువయ్యారున గడపి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందెను. తుదిదినములలో సన్న్యసించినందున ఆయనకు నదీతీరమున సమాధి కట్టిరి. రాజాస్థానపు పిలుపును కాదన్నవాడని ఆయనను గూర్చి లోకము చెప్పుకొనును. సభామర్యాదలను కోరనివాని సమాధికడనే తరువాతివారు సభామర్యాదలకై పోరాడుట విధివిలాసము. శిష్యులు నలుదెసలకు పోయిరి. వారివారి యిండ్లలో గురువుగారి తిథి జరుగుచుండెను గాని సమాధిని చూచువారు లేకపోయిరి. 1903లో, అప్పటికి మిగిలియున్న కొలదిమంది ప్రత్యక్షశిష్యులలో ఇరువురు, ఉమయాళ్పురం కృష్ణభాగవతారు, సుందరభాగవతారు, అక్కడికి వచ్చి శిథిలమై యున్న దానిని బాగుచేయించిరి. పిమ్మట తిల్లస్థానం నరసింహభాగవతారు, ఆయన సోదరుడు పంజుభాగవతారు పూనుకొని ఏటేట ఆరాధనను ఘనముగా జరుపనారంభించిరి.

కొన్ని యేండ్లలోనే అన్నదమ్ములకు పొసగలేదు. ఒక ఉత్సవము రెండుగా చీలినది. దక్షిణాది గాయకలోకమంతయు దానితోపాటు చీలినది. ఒకటి పెరియ కట్చి, రెండవది చిన్న కట్చి. అనగా పెద్దకక్షి, చిన్నకక్షి. తమిళమున కట్చి యనునది మన కక్షియే. తెలుగులో గుడి తీసివేసినచో ఆ మాటలో మిగులునది కక్ష. అక్కడ జరిగినదియు ఇంచుమించు అదియే. చివరకు ఒక రాజీ కుదిరినది: చిన్నకక్షివారు పంచమికి ముందే ఆరంభించి పంచమినాడు ముగింపవలెను, పెద్దకక్షివారు పంచమినాడారంభించి తరువాతి దినములలో జరుపుకొనవలెను. సమాధి ఒకటి, తిథి ఒకటి, ఉత్సవములు రెండు. ఎవరు ఏ పందిటిలో పాడుదురు, ఎవరికెవరు పక్కవాద్యము వాయింతురు అనునవి ఆనాటి రసికులకు రాజ్యతంత్రములకంటె ముఖ్యమైన వార్తలు.

ఇన్ని విషయములలో విరోధించిన రెండు కక్షులకును ఒక్క విషయమున మాత్రము ఏకాభిప్రాయముండెను: ఆ సన్నిధిలో స్త్రీలు పాడరాదు. నాదస్వర విద్వాంసులకు సైతము గాయకులతో సమానమైన స్థానము చాలకాలము దొరకలేదు. అగ్రస్థానమెవరిదన్న వాదము ఎంత వేడిగానున్నను అది లోపలివారి వాదము. వాకిలి బయట నిలిచినవారు ఆ లెక్కలోనికి రానేలేదు.

బయట నిలిచినవారిలోనుండియే ఆ సమాధికి దిక్కు లభించినది. బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు రాజ్యమందలి నంజనగూడున దేవదాసీ కులమున జన్మించెను. కన్నడ, తెలుగు, సంస్కృతములు చదివి, మైసూరునందును మద్రాసునందును గాయనిగా పేరు గడించెను. తెలుగు పాఠకులకు ఆమె మరియొక విధమున పరిచిత. తంజావూరు ప్రతాపసింహుని కాలమునాటి కవయిత్రి ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను ఆమె పరిష్కరింపగా 1910లో వావిళ్ళవారు ప్రచురించిరి. కందుకూరి వీరేశలింగము వంటి సంస్కర్త ఆ కావ్యమున శృంగారము మితిమీరినదని, స్త్రీ అట్లు వ్రాయతగదని నిందించియుండెను. అదే శృంగారమును పురుషులు వ్రాసినప్పుడు లేని అభ్యంతరము ఇప్పుడేల అని నాగరత్నమ్మ పీఠికలో నిలదీసెను. 1911లో ప్రభుత్వము పుస్తకమును నిషేధించినది. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. కవుల వరుసలో ముద్దుపళనికి చోటు అడిగిన స్త్రీయే పదేండ్ల తరువాత గాయకుల వరుసలో తనకు చోటు అడిగినది. రెండు ప్రశ్నలును నిజమునకు ఒకటియే.

1921లో ఆమె సంగీతగురువగు బిడారం కృష్ణప్ప తిరువయ్యారు పోయి, సమాధి పాడుపడియున్న తీరు చూచి, ఆమెకు ఉత్తరము వ్రాసెను. ఇరువైపులవారి ఉత్సవములు వైభవముగా జరుగుచుండగనే గోడలు పాడగుచుండెనన్నమాట! నాగరత్నమ్మ వెళ్ళి, ఆ స్థలమును సంపాదించి, తాను పాటవలన కూడబెట్టిన సొమ్ము వెచ్చించి ఆలయము కట్టించెను. 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిగినది. గుడి కట్టుటకు ఆమె సొమ్ము పనికివచ్చినది. గుడిలో పాడుటకు ఆమె గొంతు పనికిరాలేదు. ఈ వైపరీత్యమును సమర్థించుటకు ఆచారము అను మాట చాలదు. ఐనను ఆనాటి పరిస్థితిని కూడ గుర్తింపవలెను. దేవదాసీ వ్యవస్థను రద్దుచేయవలెనని ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనసభలో ఉద్యమించిన దినములవి. సంగీతమును 'మర్యాదస్థుల' కళగా నిలుపదలచిన పెద్దలు ఆ కులపు గాయనులతో ఒకే వేదికపై కూర్చుండుటకు జంకుచుండిరి. నాగరత్నమ్మ ఆ జంకును లెక్కచేయలేదు. 1927లో మద్రాసు దేవదాసీల సంఘమునకు అధ్యక్షురాలైన ఆమె, ఆ కాలముననే తిరువయ్యారున మూడవ కక్షిని నిలిపెను. దానిని పెణ్గళ్ కట్చి, అనగా స్త్రీల కక్షి యనిరి. ముందుభాగమున పురుషులు, ఆలయమునకు వెనుకవైపున స్త్రీలు. వెనుకవైపు వినబడిన పాటలును ఆ త్యాగరాజువే.

ఇట్లు మూడు పందిళ్ళు కొన్నేండ్లు సాగెను. 1940లో ఐ.సి.యస్. అధికారియగు ఎస్. వై. కృష్ణస్వామి, గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు మొదలగువారి ప్రయత్నమువలన మూడు కక్షులును కలిసి శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభగా ఏర్పడినవి. కలిసినంత మాత్రమున 'ముందెవరు' అను ప్రశ్న చావదు గదా! కలిపినవారి తెలివి ఇక్కడ కనబడును. పంచమినాటి ఉదయము ఎవరును విడిగా పాడరాదు, అందరును కలిసి ఘనరాగ పంచరత్నములను పాడవలెనని నిర్ణయించిరి. దీనిని అనాదిసంప్రదాయమని తలచువారు నేడెందరో కలరు. కాని సమాధికడ ఈ బృందగానమునకు నిండ నూరేండ్లయినను లేవు.

ఆ అయిదు కీర్తనలనే ఎన్నుకొనుటలో గొప్ప ఉపాయమున్నది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని ఆ అయిదును ఆదితాళముననే ఉన్నవి. ప్రతి చరణమును మొదట స్వరముగా, పిదప సాహిత్యముగా పాడవలెను. సంగతులు ముందే కుదిరియున్నవి. నెరవునకు, కల్పనస్వరమునకు, అనగా గాయకుడు తన ప్రతిభను వేరుగా చూపుకొను మనోధర్మమునకు, తావులేదు. మహావిద్వాంసుడైనను, నిన్న సరళీస్వరములు ముగించిన బాలికయైనను, తాళము తప్పకున్న చాలును, ఒక్కరే. ఎవరును ఎవరిని మించుటకు వీలులేని రచన కావుననే అందరిని ఒక్కచోట కూర్చుండబెట్టగలిగినది. నాట కీర్తన సంస్కృతమున, తక్కిన నాలుగు తెలుగున ఉన్నవి. వందలాది తమిళ కంఠములు ఒక్కమారు తెలుగు పలుకుచుండగా ఉచ్చారణ దోషముల నెన్నువారు మనలో లేకపోలేదు. ఆ నాలుగు కీర్తనలను పుస్తకము చూడక పాడగల తెలుగువారెందరో మొదట లెక్కించుకొనుట మంచిది. తక్కిన దినములలో విద్వాంసులు ఒకరితరువాత ఒకరు కొలది నిమిషములు మాత్రమే పాడి లేచిపోవలెను, ప్రతిఫలము లేదు.

ఇట్టి ఉపాయమునే సముద్రములకావలివారును కనిపెట్టిరి. అమెరికాలోని న్యూపోర్టు జానపద సంగీతోత్సవమున 1963 నుండి కొంతకాలము గొప్పవాడు చిన్నవాడు అను భేదము లేక ప్రతి గాయకునకును ఏబది డాలర్లే, దారిబత్తెము అదనము. అట్టి సమత్వపు వేదికమీదనే 1965 జూలై 25న బాబ్ డిలన్ విద్యుత్ గిటారుతో ప్రవేశింపగా కొందరు శ్రోతలు కేకలువేసి నిరసించిరి. ఆనాటి అరుపులు పాటపైననా, ధ్వనియంత్రముల లోపముపైననా, పాడిన కాలము చాలలేదనియా అని నేటికిని వాదించుచున్నారు. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవమున 'ది హూ' బృందమునకును జిమీ హెండ్రిక్స్‌కును ఎవరు ముందు ఎవరు వెనుక అను పంతము వచ్చినది. ఒకరి తరువాత మరియొకరు పాడినచో రెండవవారు వెలవెలబోదురని ఇరువురికిని భయము. నాణెము ఎగురవేసి తేల్చిరి. ముందు వాయించినవారు తమ గిటారును పగులగొట్టిరి. తరువాత వచ్చిన హెండ్రిక్స్ తన గిటారునకు నిప్పంటించెను. వాద్యమును కన్నులకద్దుకొను దేశమువారికి ఆ దృశ్యము మింగుడుపడదు. ఆ ఉత్సవముననే రవిశంకర్‌కు ఒక మధ్యాహ్నమంతయు ప్రత్యేకించిరి. ఆయనకు ముందు లేరు, వెనుక లేరు. రెండేండ్ల తరువాత వుడ్‌స్టాక్‌లో హెండ్రిక్స్‌కే చివరిపాట గౌరవము దక్కినది. వాన, ఆలస్యము కలిసి ఆ చివర సోమవారము ఉదయమునకు జారెను. లక్షలుగా వచ్చిన జనములో అధికభాగము అప్పటికే ఇంటిదారి పట్టియుండిరి. అగ్రతాంబూలము అందినది, సభ లేచిపోయినది.

డిలన్‌ను నిరసించినవారి మాట విన్నప్పుడు తిరువయ్యారు మరల జ్ఞప్తికి వచ్చును. ఉత్సవము కొందరు గాయకులది మాత్రమే కాదు, ఒక భాషది, ఒక బాణిది కూడ నని నమ్మువారు అంతటను ఉందురు. 1941లో రాజా అణ్ణామలై చెట్టియారు ప్రోద్బలమున అణ్ణామలై విశ్వవిద్యాలయమున జరిగిన సభ, కచేరీలలో తమిళ కీర్తనలకు ప్రాధాన్యము కావలెనని కోరెను. మద్రాసు సంగీత అకాడమీవారు సంగీతమునకు భాషాభేదము తగదని ప్రతివాదించిరి. 1943లో తమిళ ఇసై సంగము వెలసినది. ఆ దశకముననే తిరువయ్యారున దండపాణి దేశికరు తమిళ పాట పాడగా, అది సన్నిధికి తగదని అభ్యంతరము పుట్టి పెద్ద దుమారము లేచెను. ఈ వివాదమున తెలుగువారు సహజముగా ఒక పక్షమునకు మొగ్గుదురు. కాని తమిళుల బాధను న్యాయముగా చూడవలెను. రెండున్నర గంటల కచేరీలో ప్రధానభాగమంతయు తెలుగునకు, సంస్కృతమునకు పోయి, శ్రోతలు చెప్పులు వెదకుకొను వేళకు 'తుక్కడా'లుగా తమ భాష వినబడుచుండినచో ఏ జాతికి మాత్రము కష్టము కలుగదు? అభ్యంతరము త్యాగరాజుపై కాదు, వరుసపై.

వరుస విషయమున మద్రాసు నగరపు డిసెంబరు ఉత్సవములు తిరువయ్యారునకు పూర్తిగా వ్యతిరేకములు. అక్కడ వరుసయే సర్వము. 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన అఖిలభారత సంగీతసభ ఫలితముగా 1928లో సంగీత అకాడమీ ఆరంభమైనది. ఏటేట సభకు అధ్యక్షత వహించువారికి 'సంగీత కళానిధి' బిరుదమీయవలెనని 1942లో నిర్ణయించి, పూర్వాధ్యక్షులకును వర్తింపజేసిరి. మధ్యాహ్నము యువకులు, సాయంకాలము ప్రసిద్ధులు. ఒక వేళనుండి మరియొక వేళకు ఎక్కుటకు ఒక్కొక్కనికి పదేండ్లు పట్టుట కలదు. అరియక్కుడి అభిమానులు, జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యము అభిమానులు కాఫీహోటళ్ళలో చేసిన వాదములన్నియు వ్రాసియుంచినచో శిశుపాలుని ప్రమాణములన్నియు అందు దొరకును.

ఎవరికెప్పుడు ఆ బిరుదము వచ్చినదని చూచినచో ప్రమాణములు మారుచు వచ్చిన తీరు తెలియును. విజయనగర సంగీతకళాశాలలో అధ్యక్షుడుగా నుండిన ద్వారం వెంకటస్వామినాయుడు 1941లో అధ్యక్షపీఠమెక్కెను. గాయకుని ప్రక్కన కూర్చుండు ఫిడేలునకు ఒంటరిగా సభను నడపు గౌరవము తెచ్చిన మహనీయుడాయన. మృదంగమునకు ఆ గౌరవము 1966లో, పాల్ఘాట్ మణి అయ్యరుతో గాని రాలేదు. స్త్రీకి 1968లో, ఎం. ఎస్. సుబ్బులక్ష్మితో గాని రాలేదు. నలువదేండ్లు పట్టినది! తెలుగు గాయకులలో బాలమురళీకృష్ణ 1978లో, శ్రీపాద పినాకపాణి 1983లో, నేదునూరి కృష్ణమూర్తి 1991లో దానిని పొందిరి. వీరిలో పినాకపాణి వృత్తిచేత వైద్యుడు. కచేరీలకంటె శిష్యుల మూలముననే పేరుగన్నవాడు. ద్రోణుడు లేడా అన్న ప్రశ్నకు ఆ యేడు సమాధానము దొరకినదనవచ్చును.

బాలమురళి మాట వచ్చినప్పుడు బెజవాడను మరువరాదు. త్యాగరాజునకు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయనకు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, ఆయనకు పారుపల్లి రామకృష్ణయ్యపంతులు శిష్యులు. ఆ పంతులుగారి శిష్యుడు మురళీకృష్ణ ఎనిమిదేండ్ల వయస్సున బెజవాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున పూర్తి కచేరీ చేయగా, విని మురిసిన హరికథకుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతులు ఆ పేరునకు ముందు 'బాల' అని చేర్చెను. పెద్దలు కూర్చుండవలసిన చోట పసివానిని కూర్చుండబెట్టిరి. ఆ సభలో శిశుపాలుడు లేచినట్లు ఎక్కడను వినము.

ప్రతి కాలమునకు ఇంతటి సౌమనస్యము లభింపదు. 2024లో సంగీత అకాడమీ టి. ఎం. కృష్ణను సంగీత కళానిధిగా ఎన్నుకొనగా, ఆయన భావములను సహింపలేని కొందరు విద్వాంసులు ఆ యేటి ఉత్సవమునుండి తప్పుకొనిరి. మరికొందరు ఆయన పక్షమున నిలిచిరి. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పేరిట ఈయబడు పురస్కారమును గూర్చిన వివాదము న్యాయస్థానమునకెక్కినది. కట్చి యను మాట మరల తెలుగు కక్షి యైనది. పాటకు గౌరవమా, పాడువాని నడవడికా, అతడు నమ్మినదానికా? సహదేవుని చేతిలోని అర్ఘ్యపాత్ర ఇంకను ఎత్తియే యున్నది.

తిరువయ్యారున పుష్య బహుళ పంచమి ఉదయమున రేడియో, దూరదర్శనముల యంత్రములు సిద్ధమగును. ఎదురుబొదురుగా వరుసలు తీరి విద్వాంసులు కూర్చుందురు. అందరిదియు ఒకే పాటయైనను మైకునకు దగ్గరగా ఎవరు, ముందువరుసలో ఎవరు అను చూపులు లేకపోలేదు. కలహమంతయు సర్దుబాటై ఆ రెండు మూడు బారల నేలలోనికి కుదించుకొనిపోయినది. చిట్టచివరిది శ్రీరాగ కీర్తన. లోకమునందలి మహనీయులందరికిని, ఎవరి పేరును ముందు వెనుకలు చేయక, నమస్కరించునది అది.

1952 మే 19న నాగరత్నమ్మ కన్నుమూసెను. ఆమె సమాధిని త్యాగరాజు సన్నిధికి ఎదురుగా కట్టిరి. దానిమీద ఆమె విగ్రహమున్నది. గురుపీఠమునకు సూటిగా ఎదురుగనున్న ఆ చోటును ఏ విద్వాంసుడును ఇంతవరకు తనదని అడుగలేదు.